ఏటవాలుగా ఏడు గిన్నెలు

లోపల శవం. బయట నేను. మధ్యలో జానెడెత్తు గడప.

ఆ గడప ఆడవాళ్ళు దాటకూడదు. సెర్‌ఖాంగ్ కొండదేవుడి కావలి గది అది. గొంపా, అంటే మా బౌద్ధ మఠం, కట్టిన దగ్గర్నుంచీ ఏ ఆడమనిషీ అందులో అడుగు పెట్టలేదు. నేను ఈ లోయకి సబ్ ఇన్‌స్పెక్టర్ని. కంప్యూటర్లలో డిప్లొమా, నేర పరిశోధనలో మూడు సర్టిఫికెట్లు ఉన్నాయి. దేవుడు సర్టిఫికెట్లు అడగలేదు.

కాబట్టి పొద్దున తొమ్మిదీ నలభైకి తడి రాతి మెట్టు మీద కూర్చుని, లోపలున్న కానిస్టేబుల్ హర్కామాన్ సుబ్బాని వీడియో కాల్‌లో నడిపిస్తున్నాను. గొంపా వైఫై దయ. నాలుగు రోజుల వానకి ఫోన్ టవర్ ఎప్పుడో చేతులెత్తేసింది.

"మేడమ్, ఈ కొయ్య మొహాలకి కళ్ళున్నాయి."

"మొహమన్నాక కళ్ళుంటాయి హర్కా. ముందుకి నడు."

"ఇవి చూస్తున్నాయి మేడమ్."

"నువ్వు వాటిని చూడకు. కింద చూడు."

కింద చూపించాడు. నేను కూడా చూడకుండా ఉంటే బాగుండేది.

ఉమ్‌జే తూతోప్ బోర్లా పడి ఉన్నాడు. గొంపాలో పూజ జరిగేటప్పుడు మంత్రం ముందుగా ఎత్తుకునే పెద్ద సన్యాసిని మేం ఉమ్‌జే అంటాం. ఆయన గొంతు ఎంత లోతుగా ఉండేదంటే, చిన్నప్పుడు మేం గోడ అవతల జడల బర్రె ఉందనుకునేవాళ్ళం. ఇప్పుడు తల వెనక భాగం లోపలికి నొక్కుకుపోయి ఉంది. పక్కనే ఇనప ముళ్ళ గద. స్తంభానికి వేలాడే పాత ఆయుధాల్లో అదొకటి. పొద్దున ఆరూ పదికి తలుపు తీసిన ముసలి కావలి సన్యాసి రిన్‌జింగ్ ఆయన్ని మొదట చూశాడు.

"చెయ్యి చూపించు హర్కా."

"కుడిదా, ఎడమదా?"

"ఏది మూసుంటే అది."

కుడి పిడికిలి. అందులో తెల్లటి తుడుపు గుడ్డ. నాలుగు మడతలు కూడా విప్పలేదు. పొడిగా ఉంది.

"ఇప్పుడు పూజ బల్ల..."

తెర వణికింది. బొమ్మ అక్కడే నిలిచిపోయింది. హర్కామాన్ సగం మొహం, తెరిచిన నోరు, అతని భుజం వెనక నల్ల గుడ్డ కప్పిన ఎర్రటి కొయ్య మొహం. రేపు పర్వత పూజలో నాట్యం చేసే మనిషి తొడుక్కోవాల్సిన కొండదేవుడి మొహం అది. దాని మీది నల్ల గుడ్డ గాల్లోకి లేచి ఉంది. ఆ గదికి కిటికీ లేదు. గాలి రాదు.

"హర్కా?"

గడప మీద చెయ్యి వేశాను. చన్నీళ్ళలో ముంచినట్టు చల్లగా ఉంది. ఆరు సెకన్లు, ఏడు...

"ఎలక మేడమ్!" బొమ్మ కదిలింది. "గుడ్డ వెనక నైవేద్యం ముద్ద తింటోంది."

ఊపిరి వదిలాను. అదీ మగదే అయ్యుంటుంది, లోపలికి రానిచ్చారు.

పూజ బల్ల మీద ఏడు ఇత్తడి గిన్నెలు. తెల్లవారగానే నీళ్ళు నింపి దేవుడి ముందు పెడతారు. పొద్దు గూకేలోపు ఒంపేసి, తుడిచి, బోర్లిస్తారు. మా ఇళ్ళలో పళ్ళు తోముకోవడం లాంటిదే. ఇక్కడా ఆ పని జరిగిపోయింది. గిన్నెలు ఖాళీగా, మెరుస్తూ ఉన్నాయి. కాకపోతే వాటిని పెట్టిన తీరు వింతగా ఉంది. ఒకదాని మీద ఒకటి ఏటవాలుగా వాలి ఉన్నాయి, జీపులో నిద్రపోతూ పక్కవాడి భుజం మీద తలలు వాల్చిన ప్యాసింజర్లలా.

"టార్చి పైనుంచి కాదు, పక్కనుంచి కొట్టు. బల్లకి ఆనించి."

పక్క వెలుగులో బల్ల మాట్లాడింది. చెక్క నిండా ఆవాల్లాంటి ఎండిన నెత్తుటి చుక్కలు. వాటి మధ్య ఏడు శుభ్రమైన గుండ్రాలు. గుండ్రానికీ గుండ్రానికీ మధ్య బార్లీ గింజంత ఎడం.

"కదలకు హర్కా. ఒక్క క్షణం." స్క్రీన్‌షాట్ తీశాను.

అంటే దెబ్బ పడినప్పుడు ఆ ఏడు గిన్నెలూ నీళ్ళతో వరసగా నిలబడి ఉన్నాయి. ఆ తరవాత ఎవరో శవం పక్కనే నిలబడి, ఒక్కొక్కటే ఎత్తి, ఒంపి, తుడిచి, వాల్చారు.

"బల్ల కింద బకెట్ ఉందా?"

"ఉంది. నీళ్ళున్నాయి. లేత..." టార్చి దగ్గరికి పెట్టాడు. "గులాబీ రంగులో."

"పుస్తకాల అర చూపించి బయటికొచ్చెయ్. శభాష్."

పట్టు గుడ్డల్లో చుట్టిన పుస్తకాలు. మూడో వరసలో ఒక ఖాళీ. దుమ్ము లేని నలుచదరం.

"సినిమా బాగుందా?"

వెనక్కి తిరిగాను. జిల్లా నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్ పల్‌జోర్ భూటియా. రాత్రి ఏడో మలుపు దగ్గర కొండచరియ విరిగి రోడ్డు మూసుకుపోతే, పోలీసు జీపు అవతలే వదిలేసి మట్టి మీంచి నడుచుకుంటూ వచ్చాడు. ఇవతల నుంచి వాళ్ళ అన్న తోప్‌గే తన బండిలో పైకి తెచ్చాడు. ఎనిమిదింటికి వచ్చి, ఎనిమిదింబావుకి లోపలికెళ్ళి, ఎనిమిదిన్నరకల్లా కేసు తేల్చేశాడు.

"టికెట్ లేకుండా చూస్తున్నా సార్. మీరు హాల్లో కూర్చుని చూశారుగా, మీకెలా ఉంది?"

"నువ్వు గడప దాటలేవు. కేసెలా దాటిస్తావమ్మాయ్?" గొడుగు ముడిచి పక్కన నిలబడ్డాడు. "విను. గదికి ఒకటే తాళం. తాళానికి ఒకటే చెవి. అది రిన్‌జింగ్ నడుముకుంటుంది. నిన్న పొద్దున ఇద్దరూ అందరి ముందూ తిట్టుకున్నారు. తూతోప్‌ని ఆఖరిసారి చూసింది ఒంటిగంటకి, భోజనాల దగ్గర. రిన్‌జింగ్ పట్నానికి జీపెక్కింది ఒకటిన్నరకి. మధ్యలో ముప్పై నిమిషాలు. చంపడానికి ఐదు నిమిషాలు చాలు, మిగతాది ప్రార్థనకి పెట్టుకో."

"పొద్దున శవాన్ని చూసిన ఊరి డాక్టరు టైమింత కచ్చితంగా చెప్పాడా?"

"మధ్యాహ్నానికీ రాత్రికీ మధ్యన్నాడు."

"అంటే సాయంత్రం ఐదు కూడా కావచ్చు. పిడికిట్లో తుడుపు గుడ్డ ఉంది సార్. అది గిన్నెలు బోర్లించేటప్పుడు పట్టుకునేది. సాయంత్రం పని. ఐదింటికి రిన్‌జింగ్ పట్నంలో నోరు తెరుచుకుని పళ్ళ డాక్టరు కుర్చీలో ఉన్నాడు. క్లినిక్‌కి వైర్‌లెస్‌లో కబురు పెట్టి కనుక్కున్నా. మూడుంబావు నుంచి ఆరు దాకా అక్కడే."

"గుడ్డ! మధ్యాహ్నం దుమ్ము తుడుచుకుంటున్నాడేమో."

"మరి గిన్నెలు?"

"గిన్నెలా?" నవ్వాడు. "నిమ్‌కిత్, నేను హంతకుణ్ణి పట్టుకోవడానికొచ్చా. వంట సామాను లెక్కపెట్టడానికి కాదు. రేపు పూజకి లోయంతా ఇక్కడుంటుంది. ఆలోగా వాళ్ళకి ఒక పేరు చెప్పకపోతే, కొండకి కోపం తెప్పించాడని వాళ్ళే ఎవడి పేరో చెప్పుకుని మీదపడతారు. అప్పుడు నువ్వూ నేనూ ఆపలేం. పదకొండింటికి ముసలాయన్ని జిల్లాకి పంపిస్తున్నా. అడిగేదేమైనా ఉంటే ఈలోగా అడుక్కో."

రిన్‌జింగ్ వంటింట్లో పొయ్యి పక్కన కూర్చుని ఉన్నాడు. డెబ్భై ఒకటేళ్ళు. పన్ను పీకిన చెంప బన్నులా ఉబ్బింది. నాకు పేరు పెట్టింది ఈయనే. లోయంతా ఈయన్ని కుషో అంటుంది, స్వామీ అన్నట్టు. ఇప్పుడు ఆ చేతులకి బేడీలు.

తోప్‌గే మాకు ఉప్పు వెన్న టీ పోస్తున్నాడు. లోయలో తోప్‌గేని ఇష్టపడనివాళ్ళు లేరు. పర్వతారోహణకి వచ్చే విదేశీయులకి గైడు. ఎప్పుడూ నోట్లో గట్టి జున్ను ముక్క నములుతూ, ఎప్పుడూ ఎవరికో ఒకరికి బండి ఇస్తూ ఉంటాడు.

"కూర్చో చెల్లీ. మావాడు నీ మీద కూడా అరిచాడా?"

"అలవాటైపోయింది అన్నా. కుషో, చెప్పు. తాళం చెవి ఎవరికిచ్చావు?"

"తూతోప్‌కి." రిన్‌జింగ్ మాట వాపులోంచి ముద్దగా వచ్చింది. "ఒంటిగంటా ఇరవైకి. గిన్నెలు నువ్వు బోర్లించరా, నేను పంటికి పోతున్నా అని."

"చూసినవాళ్ళు?"

"కొండ చూసింది తల్లీ."

"కొండ కోర్టుకి రాదు కుషో. తరవాత?"

"ఎనిమిదిన్నరకి తిరిగొచ్చేసరికి చెవి నా గది ముందు మేకుకి వేలాడుతోంది. వాడే తగిలించాడనుకున్నా. మాత్ర వేసుకుని పడుకున్నా. పొద్దున తలుపు తీస్తే..." బేడీల చేతులతోనే కళ్ళు తుడుచుకున్నాడు. "వాడికి మంత్రం నేర్పింది నేనే. ఎనిమిదేళ్ళవాడు అప్పుడు."

"నిన్న పొద్దున తిట్టుకున్నది దేనికి?"

"మొన్న ఎవణ్ణో లోపలికి తీసుకెళ్ళాడు. దారి పుస్తకం చూపించాడు. ఫోటోలు కూడా తీయనిచ్చాడు. ఎవడ్రా అంటే చెప్పడు. మనవాడే కుషో, ఏం కాదు అంటాడు. సెర్‌ఖాంగ్ శిఖరానికి దారి చూపించే పుస్తకమది. ఆ శిఖరం మీద కాలు పెట్టకూడదు. ఎవరూ పెట్టలేదు, పెట్టరు."

అర మీది ఖాళీ నలుచదరం గుర్తొచ్చింది. పుస్తకం పోయిందని ఆయనకి ఇంకా తెలీదు. చెప్పాలా వద్దా అని నేను తేల్చుకునేలోపే తోప్‌గే కుతూహలంగా ముందుకి వంగాడు.

"నిజంగా ఆ పుస్తకం ఉంటే ఎక్కేయొచ్చా కుషో? మాబోటి వాళ్ళకి కుళ్ళుగా ఉంటుంది."

"పుస్తకంలో మూడు మజిలీలే ఉన్నాయి నాయనా. ఆఖరిది రాయలేదు. అది కావలివాడి నోటి నుంచి తరవాతి కావలివాడి చెవికి వెళ్తుంది, అంతే."

"తూతోప్‌కీ తెలీదా?"

"వాడికెందుకు చెప్తా? ఇప్పుడది ఒక్క బుర్రలోనే ఉంది." నుదురు తట్టుకోబోయి చెంపకి తగిలి మూలిగాడు.

తోప్‌గే నోట్లో జున్ను ముక్క కదలడం ఆగింది. తరవాత లేచి రిన్‌జింగ్ గిన్నెలో టీ నింపాడు. "తాగు కుషో. ఒళ్ళు జాగ్రత్త."

అది నా కంటి కొసకి తగిలిందంతే, నేనప్పుడు ఫోన్లో స్క్రీన్‌షాట్ వెతుక్కుంటున్నాను. మనిషి మొహం చూడాల్సిన చోట తెర చూస్తూ కూర్చోవడం, అదీ నా చదువు నాకు నేర్పింది.

"కుషో, ఒకటి అడుగుతా. సాయంత్రం గిన్నెలు ఎలా పెడతావు? చేసి చూపించు."

ముసలాయన ఖాళీ టీ గిన్నెలు దగ్గరికి లాక్కున్నాడు. బేడీలు గలగలమన్నాయి. ఒకటి బోర్లించాడు. దాని మీద రెండోది. దాని మీద మూడోది. గోపురంలా. "ఇట్లా. మా గురువు ఇట్లాగే, ఆయన గురువు ఇట్లాగే."

"ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి వాల్చి పెట్టరా?"

"ఇక్కడా? ఎవడైనా అట్లా పెడితే చెవి మెలిపెడతా."

తోప్‌గే పెద్దగా నవ్వాడు. "పోలీసోళ్ళు అంట్లని కూడా విచారిస్తున్నారా చెల్లీ? ఇటివ్వండి, ఆ ముద్దాయిల్ని నేను కడిగేస్తా." గిన్నెలు తీసుకుని తొట్టి వైపు వెళ్ళాడు.

పది ముప్పావుకి నేను పెద్ద గురువుగారి గదికి వెళ్ళాను. నిన్న గొంపాకి వచ్చిన పై ఊరివాళ్ళు ఎవరని అడగడానికి. ఎవరూ రాలేదన్నాడు. వానకి కాకి కూడా రాలేదన్నాడు. అంటే గిన్నెలు వాల్చినవాడు మా మధ్య వాడే. మా మధ్యే తిరుగుతూ, ఇంకెక్కడో గిన్నెలు పెట్టడం నేర్చుకున్నవాడు.

పదకొండూ ఇరవైకి కింద వాకిట్లోకి దిగాను. పల్‌జోర్ ఒక్కడే చూరు కింద సిగరెట్ తాగుతున్నాడు. వంటింట్లో రిన్‌జింగ్ లేడు.

"పంపించేశారా?"

"చెప్పాగా, పదకొండని. ఐదు నిమిషాలు ఆలస్యమైంది కూడా. చరియ దాకా బండిలో పన్నెండు నిమిషాలు. అవతల మా కానిస్టేబుల్ జీపుతో రెడీగా ఉన్నాడు."

"ముసలాయన హంతకుడు కాదు సార్. రాసిస్తా."

"రాసివ్వు. ఫైల్లో పెట్టుకుంటా."

"ఇది కూడా పెట్టుకోండి." ఫోన్ ఆయన మొహం ముందు పెట్టాను. "దెబ్బ పడినప్పుడు గిన్నెల్లో నీళ్ళున్నాయి. చంపినవాడు తరవాత వాటిని ఒంపి తుడిచి పెట్టాడు. ఎందుకు? నెత్తురు కలిసిన నీళ్ళు దేవుడి ముందు వదిలేసి పోలేక. మనిషి తల పగలగొట్టగలిగాడు గానీ, పొద్దు గూకాక గిన్నెలు నిండుగా వదల్లేకపోయాడు. చిన్నప్పట్నుంచి చేసిన చేతులవి. వాటికవే చేసేశాయి. కానీ చూడండి, ఎలా పెట్టాడో. ఇక్కడెవరూ ఇలా పెట్టరు."

పల్‌జోర్ నవ్వడానికి సిద్ధంగా ఫోన్ వైపు చూశాడు. నవ్వు రాలేదు. సిగరెట్ చివర బూడిద పొడుగు పెరుగుతూ పెరుగుతూ చొక్కా మీద రాలింది.

"దగ్గరికి చెయ్యి," అన్నాడు.

జూమ్ చేశాను.

"ఎడమ నుంచి కుడికి వాలాయి," అన్నాడు మెల్లిగా. "ఏడోది గోడకి ఆనించి."

"మీకెలా తెలుసు?"

"లింగ్‌తెన్ గొంపాలో ఇలా పెడతారు. గట్టు అవతల ఉండేది. నువ్వు చిన్నదానివి, నీకు గుర్తుండదు. కొండ విరిగి పడి ఇరవై రెండేళ్ళు." ఎడమ అరచెయ్యి రుద్దుకున్నాడు. "ఐదేళ్ళు నేనే పెట్టా. సరిగ్గా వాల్చకపోతే బెత్తంతో ఇక్కడ కొట్టేవాళ్ళు."

ఒక అడుగు వెనక్కి వేశాను. నా వెనక పిట్టగోడ. దాని వెనక మంచు, రెండొందల అడుగుల లోయ. హర్కామాన్ పైన గది దగ్గర ఉన్నాడు. అరిస్తే వినపడదు.

"నిన్న సాయంత్రం ఐదింటికి మీరెక్కడున్నారు సార్?"

ఆయన నా వైపు చూశాడు. నా చెయ్యి నడుముకున్న లాఠీ దగ్గరికి వెళ్ళడం కూడా చూశాడు.

"ఎస్పీ మీటింగులో. నలభై మంది ముందు తిట్లు తింటున్నా. కనుక్కో."

"పొద్దున మీరే లోపలికెళ్ళారు. ఈ గిన్నెలు మీకు కనపడలేదా?"

"నేను ఆ బల్ల వైపు చూడను నిమ్‌కిత్. ఆ రోజు తరవాత ఏ దేవుడి బల్ల వైపూ చూడలేదు. కొండ విరిగినప్పుడు గొంపాలో ముప్పై ఒక్క మంది ఉన్నారు. నీళ్ళకెళ్ళిన ఇద్దరు పిల్లలు మిగిలారు."

"ఒకరు మీరు."

సిగరెట్ కింద పడేసి బూటుతో నలిపాడు.

"సార్. రెండోవాడెవరు?"

"మా అమ్మ ఇద్దర్నీ ఒకేసారి వేసింది అక్కడ," అన్నాడు. అని వెంటనే తల అడ్డంగా ఊపాడు. "కాదు. అన్న అవన్నీ ఎప్పుడో మర్చిపోయాడు. వాడు దేవుడి పేరెత్తితేనే నవ్వుతాడు. వాడు కాదు."

ఆయన చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళాను. పై అధికారి చెయ్యి పట్టుకుని లాగొచ్చా అని ఏ సర్టిఫికెట్లోనూ రాయలేదు.

తొట్టి పక్కన తోప్‌గే కడిగిన టీ గిన్నెలు ఉన్నాయి. తుడిచి, ఎడమ నుంచి కుడికి, ఒకదాని మీద ఒకటి ఏటవాలుగా. చివరిది గోడకి ఆనించి.

పల్‌జోర్ పొయ్యి గట్టు మీద కూలబడ్డాడు.

"పోయిన వారం అన్నాడు," అన్నాడు చివరికి. "ఎవరో విదేశీయులొచ్చారట. ఎవరూ ఎక్కని శిఖరం మీద నిలబడాలట. పూజ రోజు లోయంతా గొంపాలో ఉంటుంది, కొండ వైపు ఎవరూ చూడరు, ఈ ఒక్కదాంతో నా బతుకు మారిపోతుందిరా అన్నాడు. కలలు కంటున్నాడనుకున్నా."

"ముసలాయన్ని ఎవరి బండిలో పంపించారు?"

నాకు జవాబు తెలుసు. అయినా అడిగాను, ఇంకో పేరు చెప్తాడేమోనని.

"వాడే అడిగాడు. జీపు అవతల ఉందిగా, నేను దింపొస్తాలే తమ్ముడూ, నువ్వు తడవడం దేనికి అన్నాడు. ముసలాయన పన్ను నొప్పితో ఉన్నాడు, బేడీల తాళం కూడా ఇటివ్వు, దారిలో విప్పుతా పాపం అన్నాడు." రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "ఇచ్చా."

ఆఖరి మజిలీ ఎవరి బుర్రలో ఉందో అతని ముందు చెప్పించింది నేను. మనిషిని అప్పజెప్పింది ఆయన. తప్పులో మేమిద్దరం సరి సమానం.

పల్‌జోర్ వాకీటాకీ నొక్కాడు. "చరియ పోస్టు, వాళ్ళొచ్చారా?"

గరగర. "ఇంకా లేదు సార్. వానలో నిలబడే ఉన్నా."

పదకొండూ ముప్పై రెండు. బయల్దేరి ఇరవై ఏడు నిమిషాలు. దారి పన్నెండు నిమిషాలు.

గొంపాలో ఆ క్షణాన ఉన్న ఏకైక వాహనం నా స్కూటీ. జిల్లా ఇన్‌స్పెక్టర్ నా వెనక మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. ఇంకెప్పుడైనా అయితే ఫోటో తీసి ఠాణా గోడకి అంటించేదాన్ని. నాలుగో మలుపు దాటాం. ఐదో మలుపు. హెడ్‌లైట్ మంచుని గుద్దుకుని తిరిగి మా మొహాల మీదే పడుతోంది.

"ముసలాయన్ని చంపుతాడా?" చెవి దగ్గర అడిగాడు పల్‌జోర్. పోలీసు అడిగినట్టు లేదు.

"దారి చెప్పేదాకా చంపడు."

"రిన్‌జింగ్ చెప్పడు."

"తూతోప్ కూడా చెప్పలేకపోయాడు సార్, అతనికి తెలీనే తెలీదు. అందుకే అలా పడి ఉన్నాడు."

ఆరో మలుపులో బండి కనపడింది. రోడ్డు పక్కకి ఆపి ఉంది. రెండు తలుపులూ తెరిచే ఉన్నాయి. వైపర్లు ఇంకా అటూ ఇటూ ఊగుతున్నాయి. ముందు సీటు మీద విప్పిన బేడీలు. కింద రిన్‌జింగ్ రబ్బరు చెప్పుల్లో ఒకటి.

బండి నుంచి బురదలో రెండు వరసల అడుగులు. ఒకటి కొండలెక్కే బూట్లవి, లోతుగా. ఇంకోటి ఒక కాలికి చెప్పు, ఒక కాలు ఉత్తిది. చరియ వైపు కాదు. పైకి. ప్రార్థన జెండాల తోరణం కింద నుంచి, అవతలికి.

ఆ తోరణం దాటి మావాళ్ళెవరూ వెళ్ళరు. మేకలు తప్పిపోతే కూడా ఇక్కడే నిలబడి పిలుస్తాం. అవి వస్తే వస్తాయి, లేకపోతే కొండవి. ఆ దారి దేవుడి గుమ్మానికి పోతుందని మా అమ్మమ్మ అనేది. ఇప్పుడా గుమ్మం నిండా మంచు. పది అడుగుల అవతల ఏముందో తెలీదు.

పల్‌జోర్ బురదలో మోకాలి మీద కూర్చుని ఉత్తి పాదం గుర్తులో వేలు పెట్టాడు. "నీళ్ళింకా నిండలేదు. పది నిమిషాలు కూడా కాలేదు." లేచాడు. నడుము నుంచి పిస్టల్ తీశాడు. తీసి, పిడి నా వైపు తిప్పి అందించాడు.

"ఏంటి సార్ ఇది?"

"నా చేతిలో ఉంటే నేను కాల్చలేను నిమ్‌కిత్. కొండ విరిగిన రాత్రి నన్ను వీపున మోసుకుని వాడే కిందికి దింపాడు. పదిహేనేళ్ళు అప్పుడు వాడికి." పిడి ఇంకాస్త ముందుకి జరిపాడు. "ఆ ముసలాయన బతకాలంటే, అది నీ దగ్గరుండాలి."

తీసుకున్నాను. ట్రైనింగ్‌లో కాగితం బొమ్మల్ని కాల్చాను. ఇరవైకి పదకొండు తగిలాయి. ఆ కాగితాలేవీ నన్ను చెల్లీ అని పిలవలేదు. నాకు టీ పోయలేదు.

తోరణం కింద నుంచి ముందు నేను, వెనక ఆయన. నాలుగడుగులు వేశాం. ఐదో అడుగు వేయబోతుంటే పైనుంచి చప్పుడు. ఒక రాయి దొర్లుకుంటూ వచ్చి నా బూటు ముందు ఆగింది. కొబ్బరికాయంత ఉంది. తరవాత ఇంకొకటి, కొంచెం పెద్దది, పల్‌జోర్ భుజం పక్క నుంచి పోయి లోయలో పడింది. అది కింద ఎప్పుడు తగిలిందో వినపడనే లేదు.

"కొండ జారుతోంది," గుసగుసలాడాడు పల్‌జోర్. "వెనక్కి రా."

వంగి మొదటి రాయి మీద చెయ్యి వేశాను. నాలుగు రోజులుగా వాన. నా జుట్టు, జెండాలు, మట్టి, గడ్డి, ఈ కొండ మీద ప్రతిదీ నీళ్ళు కారుతోంది.

రాయి పగుల్లో నా వేళ్ళకి ఇంకా పొడి మట్టి తగిలింది. చూరు కింద నుంచో, గుహ లోపలి నుంచో, ఇప్పుడే ఎవరో చేత్తో ఎత్తిన రాయి.

"కొండ కాదు సార్," అన్నాను. "మనం వచ్చామని తెలుసు అతనికి."

మూడో రాయి బయల్దేరిన చప్పుడు వినపడింది.